గల్లీ మూల పోచమ్మ

"చీపురు కింద పెట్టు పెద్దమ్మా." సిద్ధరాములు వచ్చి సుందరాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మవారి సొమ్మది. ముట్టుకుంటే ఇల్లు బర్బాదైతది."

అమ్మవారి సొమ్మంటే ఏమనుకున్నారు? భవాని పేట్‌లో ఆ గల్లీ మూలన మోకాలెత్తు కుప్ప. కుళ్ళిన నిమ్మకాయలు, పురుగులు పట్టిన అన్నం ముద్దలు, ఒక కోడి తల, దాని మీద ముసిరిన ఈగలు. వీటన్నిటి నడుమ పసుపు పూసిన రాయి. సరిగ్గా దానికి ఎదురుగా సుందరాబాయి గడప. అక్కడ కూర్చుని బీడీలు చుడుతుంటే చాటలో ఆకు మీదా ఈగలే, లోపల ఉయ్యాలలో మనవరాలి మూతి మీదా ఈగలే. పిల్లకు నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలు.

ఈ గల్లీ వాళ్ళకు శుభ్రం తెలియదనుకునేరు. ఎవరి గడప వాళ్ళు నాకేట్టు కడుక్కుంటారు. కడిగిందీ ఊడ్చిందీ తెచ్చి ఆ మూలన పోస్తారు. పోచమ్మ వెలియకముందు అయితే మరీ ఘోరం. బీడీ ఆకు తుక్కు, నేత సాంచాల కింద ఊడ్చిన నూలు పీచు, బుట్టకెత్తే పాయిఖానాలు పోయి నీళ్ళవి వచ్చిన ఏడాది పగలగొట్టిన రాళ్ళూ పెంకులూ, అన్నీ అక్కడికే. నాలుగిళ్ళ అవతలి సిద్ధరాములైతే రోజూ పొద్దున్నే వచ్చి ఆ గోడకే ఉచ్చ పోసేవాడు. ఇదేం పని నాయనా అని సుందరాబాయి అడిగితే, గల్లీ అందరిది గదా అనేవాడు. ఛీ, అదొక జవాబు.

అలాంటిది, మొన్న ఆషాఢంలో ఒక మంగళవారం తెల్లారేసరికి ఆ గోడ కింద రాయి కనబడింది. పసుపు, కుంకుమ, వేపమండ. రాయి నడుమ నున్నగా అరిగిన గుంట. అది అమ్మ పాదం గుర్తని కనిపెట్టింది సిద్ధరాములే. మొట్టమొదట చెంపలేసుకున్నదీ అతనే. ఆ పూటతో ఉచ్చ బంద్, చెత్త బంద్. సుందరాబాయి ఇన్నేళ్ళు గొంతు చించుకున్నా జరగని పని ఒక్క రాయి చేసింది.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. చెత్త పోయడానికి భయపడినవాళ్ళు మొక్కులు తెచ్చి కుమ్మరించడానికి భయపడలేదు. మున్సిపాలిటీ నుంచి ఊడ్చేవాడు కూడా దండం పెట్టి పక్కనుంచి పోతాడు. చివరికి నైవేద్యం కంపు చెత్త కంపును మించిపోయింది.

ఆ రాయికి దండం పెట్టనిది సుందరాబాయి ఒక్కతే. భక్తి లేక కాదు, చిన్నప్పుడు ఊళ్ళో తల్లి వెంట పోచమ్మకు బోనమెత్తిన మనిషే. పిల్ల బీమారి ఆ ముసలిదాని పొగరు వల్లే వచ్చిందని గల్లీ తేల్చేసింది. దవాఖాన మందు పడుతూనే ఉంది, కానీ కోడలు ద్రౌపది చూపంతా ఆ మూల మీదే.

సిద్ధరాములు చీపురు లాక్కుపోయాక సుందరాబాయి లోపలికొచ్చి కోడలి పక్కన కూలబడింది. ఇక దాచి లాభం లేదనుకుంది.

"ఆ రాయి పెట్టింది నేనే బిడ్డా. కంపు ఓర్వలేక పెట్టిన. దేవుడంటేనన్న భయపడతరని."

ద్రౌపది అత్త మొహంలోకి చూసి చూసి, చేతులు జోడించింది.

"అమ్మనే నీతోని పెట్టించుకున్నది అత్తమ్మా. ఎంత పుణ్యం చేసుకున్నవో."

 చెప్పాల్సింది ఇంకా ఉంది గానీ, ఆ జోడించిన చేతులు చూశాక సుందరాబాయి లేచి ఉయ్యాల మీద ఈగలు తోలింది.

సాయంత్రం సిద్ధరాములు తీర్థం పట్టుకొచ్చాడు, వెనక గల్లీ ఆడవాళ్ళంతా. రాయి మీద బిందెడు నీళ్ళు పోసి, గుంటలో నిలిచినవి గిలాసకు ఎత్తుకొచ్చాడట. ముందు తను ఒక గుక్క తాగాడు. రోజూ ఇదే తాగుతాడట, అందుకే జలుబు కూడా రాదట. ఆడవాళ్ళు దోసిళ్ళు పట్టి తలా ఇంత తాగి, తడి చేతులు నెత్తికి రాసుకున్నారు. ద్రౌపది పిల్లను ఒళ్ళో వేసుకుని నోరు తెరిపించింది. గిలాస పెదవుల దాకా వచ్చింది.

సుందరాబాయి దాన్ని ఒక్క తోపు తోసింది. నీళ్ళు గోడకు కొట్టుకున్నాయి.

ద్రౌపది పిల్లను ఎదకు హత్తుకుంది. "నా బిడ్డను చంపుకుంటవా అత్తమ్మా? పెట్టింది నువ్వేనంటివి, పసుపు పూసింది నువ్వేనాయె. మరి అమ్మ పాదం నీళ్ళు ఎందుకు తాగొద్దు? చెప్పు, నలుగురి ముందర చెప్పు."

సిద్ధరాములు మీసాల తడి వేలితో తుడిచి, ఆ వేలు నాక్కుని, చెప్పమన్నట్టు చూశాడు. సుందరాబాయి మనవరాలి ఎండిపోయిన పెదవులు చూసింది.

"అది మన పాత పాయిఖానల కాలు పెట్టి కూసున్న రాయి."