కంపెనీ సీటు

ఇంజను దొరికింది. తలుపులు దొరికాయి. ఆఖరికి హారన్ కూడా దొరికింది. సీటు దగ్గరికొచ్చేసరికి మెకానిక్ ప్రాణం విసిగిపోయింది.

అది వాళ్ల నాన్న తోలిన లారీ. తను ఒళ్లో పిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన పోయాడు, లారీ అమ్మేశామని అమ్మ చెప్పింది. ఇన్నేళ్లకు ఒక తుక్కు దుకాణం వెనక తుప్పు పట్టి కనిపిస్తే ఉన్నదంతా ఊడ్చి తెచ్చుకున్నాడు. కుట్టుమిషన్ తొక్కి తొక్కి తనని ఇంతవాణ్ణి చేసిన అమ్మ కోసమే ఈ తిప్పలన్నీ.

అమ్మకి చూపు మందగించింది. రంగు ఏదైనా తనకి ఒకటేనంది.

"ఆ సీటు దొరికితే మాత్రం ఒక్కసారి కూర్చుంటానురా."

ఆమె మోకాళ్లు రోజురోజుకీ మొండికేస్తున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే లారీ మెట్టు ఎక్కలేదు.

లారీ కంపెనీ వేసిన పాత బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకుని మెకానిక్ కాళ్లరిగేలా తిరిగాడు. ఒక సీటు పొడుగెక్కువ, ఇంకోదానికి స్ప్రింగులు వేరు. ఏనుగు దాటి తోక చిక్కుకున్నట్టయింది.

ఒక మధ్యాహ్నం ఓ పెద్దాయన తోపుడుబండి మీద పాత సీటు పెట్టుకుని షెడ్డు ముందు ఆగాడు.

"లారీ సీటు వెతుకుతున్నారని విన్నాను. ఇది దానిదే బాబూ."

మెకానిక్ టేపు తీసి కొలిచాడు. పొడుగు, వెడల్పు సరిపోయాయి. కానీ వీపు ఆనించే మెత్త ఎడమ పక్క నాలుగు వేళ్ల మందాన ముందుకు ఉబ్బి ఉంది. లావుపాటి దారంతో ఎవరో చేత్తో కుట్టారు. పుస్తకంలో బొమ్మ చూస్తే చదునుగా, పలకలా ఉంది.

"ఇది కంపెనీ సీటు కాదు తాతా."

"కంపెనీది కాకపోవచ్చు. ఈ బండిది."

అమ్మడానికొచ్చిన ప్రతివాడూ ఆ మాటే అన్నాడు. మెకానిక్‌కి ఇక వినే ఓపిక లేదు, వద్దని చెప్పేశాడు. పెద్దాయన వాదించలేదు. ఒక్కసారి క్యాబిన్‌లో పెట్టి చూడమని మాత్రం అడిగాడు. రంగు తడారలేదని మెకానిక్ అబద్ధమాడాడు. మళ్లీ వెనక్కి తోసుకెళ్లే సత్తువ తనకి లేదని, పనికొస్తే వాడుకోమని చెప్పి, సీటు అక్కడే దించి ఆయన వెళ్లిపోయాడు. పేరడగాలని కూడా మెకానిక్‌కి తోచలేదు.

తర్వాత అతను పుస్తకం చూసి కొత్త సీటు చట్రం చేయించాడు. స్ప్రింగుల కోసం పెద్దాయన సీటు చీల్చాడు. అవి అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. అప్పుడైనా అనుమానం రావలసింది గానీ, అలిసిపోయిన బుర్రకి రాలేదు. ఉబ్బులోంచి పాత బట్టల పేలికలు బయటపడితే చెత్తలో కలిపి తగలబెట్టాడు.

సీటు బిగించిన రోజు అమ్మని రెండు చేతులా ఎత్తి క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు. ఆమె చెయ్యి వెనక మెత్త మీద ఎడమ పక్కకి వెళ్లింది. పైనుంచి కిందికి తడిమింది, మళ్లీ తడిమింది.

"ఇది కాదురా."

"అచ్చం కంపెనీ సీటేనమ్మా. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు."

"కంపెనీది నాకెందుకు? ఈ పక్క ఉబ్బుగా ఉండాలి. నేనే కుట్టి పంపాను."

మెకానిక్ షెడ్డు మూల చెత్త తగలబెట్టిన చోటు వైపు చూశాడు.

"నాన్నకా?"

"మీ నాన్న దీన్ని తోలింది ఏడాదే. తర్వాత తోలినాయనకి క్లచ్ తొక్కే కాలు పొట్టి. వెనక ఎత్తు ఉంటే తప్ప అందేది కాదు."

"నాన్న పోగానే అమ్మేశామన్నావుగా?"

"అందరికీ అలాగే చెప్పాను, నీక్కూడా." అమ్మ చెయ్యి ఇంకా మెత్త మీదే ఉంది. "కుట్టుమిషన్ మీద రెండు కడుపులు నిండుతాయట్రా? నువ్వు పనిలో కుదురుకునేదాకా ఈ లారీ తోలి మనిద్దర్నీ సాకింది ఆయనే. మొగుడు పోయినదాన్ని, నన్ను నలుగురూ నాలుగు మాటలంటారని ఒక్కనాడూ మన గడప తొక్కలేదు, నీకు మొహం కూడా చూపించలేదు."