ఆంటీ మెచ్చిన గొంతు

శశికళ తయారు చేసిన పెట్టె టైపు చేసిన డచ్ మాటలను పైకి చదువుతుంది. కాకపోతే తప్పులు చదువుతుంది.

సోమవారం హాలండ్ నుంచి కొనేవాళ్ళు అమెరికాకి, శాంటా క్లారాలోని శశికళ ఆఫీసుకి వస్తున్నారు. వాళ్ళు పెదవి విరిస్తే ప్రాజెక్టు మూత. దాంతోపాటే శశికళ వీసా కూడా హుళక్కి. అసలే 1983, ఉద్యోగాలు అంతంతమాత్రం.

తంటా అంతా సమాసాలతోనే. డచ్‌వాళ్ళు రెండు మాటలు కలిపినా అతుకు దగ్గర విడదీసి, మొదటి ముక్క మీద బరువు వేసి పలుకుతారు. రాత్రి భోజనాన్ని 'ఆవొంట్-ఏతెన్' అనాలి. శశికళ తెలుగు బుర్ర ఊరుకుంటుందా? సంధి చేసి పారేసింది. పెట్టె 'ఆవొంటేతెన్' అంటూ 'టే' మీద విరుచుకుపడుతోంది.

పెట్టెను పక్క అపార్ట్‌మెంట్‌లోని హెండ్రికా ఆంటీ దగ్గరికి మోసుకెళ్ళింది. ఆవిడ ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి పెరిగిన మనిషి. తలుపు తట్టే పని లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. శశికళ ఏం చెప్పినా ఆవిడ కళ్ళార్పకుండా మొహం వంకే చూస్తూ వింటుంది.

ఆంటీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను జోకొడుతున్నట్టు దాని మీద అరచెయ్యి వేసింది. కాగితం మీది మాటలు చూసుకుంటూ కూర్చుంది.

"ఊహూఁ. బరువు వెనక ముక్క మీద పడింది. మళ్ళీ అనిపించు."

సాయంత్రానికి మాటలన్నీ దారికొచ్చాయి.

"గొంతు ఎలా ఉంది ఆంటీ?"

ఆంటీ కన్ను గీటింది. "తేనె! మా ఆయన గొంతుకన్నా నయం."

ఇంట్లో భర్త భీమశంకర్ మాత్రం చెవులు మూసుకున్నాడు. "ఏంటే ఆ గొంతు? ట్రక్ రివర్స్ చేస్తున్నట్టుంది. చేంజ్ చెయ్యి."

"మీకు డచ్ వచ్చా? ఆంటీ ఓకే చేసేసింది."

సోమవారం వచ్చినవాళ్ళు ఎన్ని మాటలు పెట్టి చూసినా ఒక్కదానిలోనూ బరువు తప్పలేదు. అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. శశికళ ప్రాణం కుదుటపడింది. వెళ్తూ వెళ్తూ వాళ్ళ పెద్దాయన ఆగాడు.

"ఉచ్చారణ అమోఘం. కానీ ఆ గొంతు? మా కుక్క వింటే ఇల్లు విడిచి పోతుంది."

శశికళకు తల కొట్టేసినట్టయింది. ఆంటీని నిలదీద్దామని సరాసరి వెళ్ళింది. గుమ్మంలో ఆంటీ కూతురు ఎదురైంది. సంగతంతా విని, నవ్వాపుకోలేక గోడకు చేరగిలబడింది.

"బరువంటే అరచేతికి అదురు తెలిసి చెప్పుంటుంది. కానీ గొంతు తేనె అందా? నా చిన్నప్పట్నుంచీ అమ్మకి రెండు చెవులూ వినపడవు కదా!"