జెముడు కుండ

“ఆ జెముడు కుండ గోడ మీద నుంచి తీసెయ్యి యక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

ఈశ్వరి అలా అనేసరికి పక్కింటి యల్లక్క చేటలో బియ్యం చెరగడం ఆపి తలెత్తింది. రెండిళ్ళకూ మధ్య ఉన్నది నడుమెత్తు మట్టిగోడ. దాని మీద అంచు విరిగిన పాత కుండలో ఆకుజెముడు బలిసి కూచుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే మంట, కడుపులోకి పోతే ప్రాణం మీదికే వస్తుంది.

“దాని జోలికి ఎవురు పోతార్లే,” అంది యల్లక్క.

“పిల్లి నములుతాంది.”

యల్లక్కకు నవ్వొచ్చింది. ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో పిల్లి ఉండటం వింతేమీ కాదు. గంజి పెట్టిన పోగు కనబడితే ఎలుక ఊరుకోదు. తెల్లదొరల యుద్ధం మొదలైనప్పటి నుంచి పట్టు దొరకడమే గగనమైపోయింది. ఈశ్వరి మొగుడు శ్రీరాములు పట్టు కోసం హిందూపురం పోయి ఇంకా తిరిగి రాలేదు. ఇలాంటి రోజుల్లో పిల్లికి మర్యాద చేయాల్సిందే. కానీ పిల్లి కోసం కాళ్ళు పట్టుకునే మనిషిని యల్లక్క ఇంతవరకు చూడలేదు.

ఈశ్వరికి మాత్రం నవ్వే ఓపిక లేదు. నిలబడే ఓపికా లేదు. దిష్టి తగలకుండా గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబందను పోయిన నెలే విప్పి పారేసింది. పెరట్లో రణపాలను వేళ్ళతో సహా పీకేసింది. పచ్చగా కనబడేదేదీ ఇంట్లో మిగల్చలేదు. అయినా నిన్న పొద్దుగూకే వేళ, తను పొయ్యి దగ్గర ఉన్న కాసేపట్లోనే గోడ దగ్గరికి పోవడం, ఆకు కొరకడం అయిపోయాయి. నోరు వాచింది. ఒకటే వాంతులు. ఒళ్ళో పడుకోబెట్టుకుని మజ్జిగ పట్టింది, మూతి తుడిచింది, నేల కడిగింది. తెల్లారాక మళ్ళీ మగ్గం. ఇలా ఎన్నాళ్ళని ఆమెకు ఏడుపొచ్చింది గానీ ఏడుస్తూ కూచునే తీరిక కూడా లేదు.

“నా మనవడికి చెవిపోటొస్తే ఆ ఆకే వెచ్చచేసి పిండతా. పారెయ్యమంటే ఎట్లే?”

“పారెయ్యొద్దులే. మీ మిద్దె మీద పెట్టుకో.”

“పిల్లి మిద్దె ఎక్కదా?”

“అంత ఎత్తు ఎక్కే ఓపిక యాడుండాది యక్కా? ముసలిదైపాయ.”

అప్పుడే పిల్లి గడప దాటి వచ్చి ఎండలో ఒళ్ళు విరుచుకుంది.

“ఏమే, ఎలుకలు చాలక ఆకులు మేస్తాండావా? పిల్లివా, మేకవా?” అని యల్లక్క దాన్ని గదమాయించింది. పిల్లి ఆమెను ఓసారి చూసి, తనకేమీ పట్టనట్టు లోపలికి పోయింది.

“బాగానే ఉండాది గదే. పోతే పోయింది, ఇంకోదాన్ని తెచ్చుకుందువులే. తాడిమర్రిలో మా చెల్లెలింట్లో పిల్లి పిల్లలు పెట్టింది.”

“ఇంకొకటి దొరకదు యక్కా.”

యల్లక్క మాట మార్చింది. “సరేగాని, రేపు మేము కొత్త పడుగు ఎక్కిస్తాండాము. మీ అత్తను పంపు.”

ఆ వీధిలో ఎవరు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినా, ఆ నిలువు పోగుల్లో మొదటిది ఈశ్వరి అత్త కుళ్ళాయమ్మే అతకాలి. ఆమె అతికిన పోగు తెగదని పేరు. సరిగ్గా అతకని కోడళ్ళకు చేతుల మీద వాతలు తేలేలా కొట్టేది కూడా ఆమే. ఆ దెబ్బలు తిని పని నేర్చిన వాళ్ళలో ఈశ్వరి ఒకతె, యల్లక్క ఒకతె. యల్లక్క ఈరోజుకీ ఆమె పేరెత్తితే కొంగు సర్దుకుంటుంది.

“అత్తకు జొరమక్కా.”

“పోయిన తూరీ జొరమే అంటివి. ఆయమ్మ చెయ్యి పడకుండా పడుగెక్కిస్తే మా ఇంట్లో ఎవురికీ మనసు ఒప్పదు.”

“నయం కానీ. నేనే తోడుకోనొస్తా.”

యల్లక్క ఇంకేదో అనబోయి ఈశ్వరి మొహం చూసింది. కళ్ళ కింద నలుపు. జుట్టు దువ్వి ఎన్నాళ్ళయిందో. పిల్లి మీద ఇంత ప్రేమేమిటో యల్లక్కకు అర్థం కాలేదు కానీ, జాలేసింది. లేచి, కుండను చంకనెత్తుకుని గొణుక్కుంటూ మిద్దె మెట్లెక్కింది. దిగొచ్చాక గిన్నెలో పాలు పోసి గోడ మీదుగా అందించింది.

“నోరు మండుతాంటాది. నీ పిల్లికి తాపు. నువ్వు గూడా రవ్వంత తాగు.”

ఈశ్వరి గిన్నె పట్టుకుని లోపలికి పోయి గడియ వేసి, మగ్గం పక్కన నిద్రపోతున్న పిల్లిని దాటుకుని, మూలగదిలో చేతిలో లేని పోగును అతుకుతూ చాప మీద కూచున్న కుళ్ళాయమ్మ గడ్డం పట్టుకుని, వాచిన దవడలో ఇంకా ఇరుక్కున్న జెముడాకు తునకను వేలితో తీసేసి, “పాలు తాగత్తా,” అంది.