బరువు లేని నలభైమంది

సైన్యం బయటివాళ్లను రానివ్వడం పూర్తిగా మానేశాక, పాలస్తీనా రైతుల పక్కన నిలబడాలంటే కాంతిబొమ్మలుగా వెళ్లడమొక్కటే దారి. తెనాలిలో మా వంటింట్లో కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు, అక్కడ ఉమ్ సాబిర్ అనే ముసలమ్మ ఆలివ్ తోటలో నా నిలువెత్తు రూపం వెలుగుతుంది. శాంతికి కాంతి చాలుననుకునే బాపతు మేం.

ఆ ఉదయం నలభైమంది బొమ్మలం ఆమె ఆఖరి చెట్టు చుట్టూ చేతులు కలిపాం. ఆ ముసలమ్మ నలభై గ్లాసుల్లో టీ పోసింది.

"మేం తాగలేం గదమ్మా!" అన్నాను.

"మన తోటకొచ్చినోళ్లకి టీ పొయ్యకుండా ఎట్టా నాయనా?" చెవిలోని యంత్రం ఆమె అరబ్బీని మా యాసలోనే పలికింది.

అంతలో సైనికులతో బుల్డోజర్ వచ్చింది. మాలో ఒక్కరూ కదల్లేదు. అది మాలోంచే వెళ్లి చెట్టును కూల్చింది. సైనికులకు ఈడ్చడానికి దొరికింది ఆవిడొక్కతే.

వాళ్లు వెళ్లాక ఆమె కూలిన మాను మీద కూర్చుంది.

"నీ బరువెంత నాయనా?"

"తొంభై కిలోలమ్మా. బరువూ పరువూ రెండూ ఇంటి దగ్గరే వదిలొచ్చా."

ఆమె నవ్వలేదు.

"ఒక్క చెయ్యి తెచ్చుకున్నా బాగుండేది. ఈడుస్తుంటే పట్టుకునేదాన్ని" అంది.

తర్వాత చల్లారిన టీని, ఒక్కో గ్లాసే, తెగిన చెట్టు వేళ్ల మీద పోసింది.