గోడవతలి మనిషి

"పొద్దున్నే మా గోడ దగ్గర నీకేం పనయ్యా?"

సుమిత్రమ్మ గద్దింపుకు గోడవతలి మనిషి ఉలిక్కిపడ్డాడు.

మాసిన లుంగీ, వారం గడ్డం, బుగ్గన తంబాకు. చేతిలో ఆమె గుమ్మడిపాదు పువ్వు, రేకులన్నీ తుంచేసి ఉంది.

సందు చివర అరుణమ్మ ఇంట్లో కిరాయికుండే మట్టయ్య అతను. సకల జనుల సమ్మెతో కూలిపని లేక ఖాళీగా తిరుగుతున్నాడు.

"ఏం లేదమ్మా. పొద్దెక్కితే పువ్వు ముడుసుకుంటది, అందుకే..."

"అందుకే తెల్లారగానే దొంగతనానికి తయారయ్యావా?"

"మొగపువ్వే తెంపిన తల్లీ. ఆడపువ్వును..."

పూలను పట్టుకుని ఆడా మగా అంటాడేమిటీ రోత మనిషి? ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంట్లు కడిగిన నీళ్లు బేసినుతో సహా ఎత్తి అతని మీద కుమ్మరించింది.

మట్టయ్య మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

అసలే ఆ పాదుతో ఆమె విసిగిపోయి ఉంది. గుంటూరు నుంచి తెచ్చుకున్న విత్తనం. ఆషాఢంలో పెడితే ఆకు చేటంత వచ్చింది గానీ పిందె పడితే ఒట్టు. ఎల్బీనగర్‌లో సందు సందంతా నవ్వుతోంది. ఒక్క కాయ కాస్తే చాలు, అందరి నోళ్లూ మూయించాలని ఆమె పంతం. ఉన్న నాలుగు పూలూ ఈ దరిద్రుడి పాలయ్యాయన్నమాట.

మధ్యాహ్నమే అరుణమ్మ ఇంటికెళ్లింది.

"వాణ్ని ఖాళీ చేయించండి. లేదంటే పోలీసులకు చెప్తాను."

"మంచోడేనక్కా. నేనడుగుత."

"అడగడం కాదు, పంపించేయండి."

అడుగడుగునా పోలీసులున్న రోజులు. కేసంటే ఎవరికి భయముండదు? మర్నాడే మట్టయ్య గది ఖాళీ చేశాడు. బస్సుల్లేవు. మూట నెత్తిన పెట్టుకుని అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నడిచిపోయాడని విని, పీడ విరగడైందనుకుంది సుమిత్రమ్మ.

కార్తీకం వచ్చింది. సమ్మె ముగిసింది. ఆకులు ఎండి రాలుతుంటే వాటి చాటున ఏడు గుమ్మడికాయలు బయటపడ్డాయి.

ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. ఒక కాయ చంకనెత్తుకుని మొదట అరుణమ్మ దగ్గరకే వెళ్లింది.

"చూశారా మా గుంటూరు విత్తనం? ఆ దరిద్రుడు పోయాడు, పాదు కాసింది."

అరుణమ్మ కాయ అందుకోలేదు.

"అక్కా, మన సందుల తేనెటీగ వాలంగ ఎన్నడన్న చూసిన్రా?"

"లేదు. అయితే?"

"మరి కాయెట్ల పడ్తది? మొగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దాలె. విత్తనాల చేన్లల్ల ఇరవై ఏండ్లు గదే పని చేసిండు మట్టయ్య. పాపం ఆ అమ్మకు ఒక్క కాయన్న పడాలె అని పొద్దుగాల్నే మీ గోడకాడికి పోతుండె."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పబోతే నీళ్లు పోసిన్రట."

సుమిత్రమ్మ కాయతోనే ఇంటికొచ్చి, పాదు కింద ఎండుటాకులు తొలగించి చూసింది.

వేలెడంత పిందెలు కుళ్లి, నల్లబడి, ఈగలు ముసురుతున్నాయి. తన మీద తనకే రోత పుట్టింది.

మట్టయ్యను తరిమేశాక పూసిన పూలలో ఒక్కటీ కాయ కాలేదు.