ఊపిరి బిగబట్టే మాట

మూడో వరద వచ్చిన ఏడు అది. నీళ్ళు తీశాక, రేవు బాగుచేయడానికి ఎక్కడెక్కడి దేశాల కూలీలో దిగారు.

పనిలో చేరాలంటే ఛాతీ ఎక్స్‌రే ఉండాలి. బొమ్మ స్పష్టంగా వస్తే ఆ రోజే పని. మసకగా వస్తే మళ్ళీ వరుస చివరికి. అంటే ఇంకో పది రోజులు ఖాళీ కడుపు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేది ఒక్కడే. పొద్దస్తమానం చీకటి గదిలో ఉంటాడని అందరూ చీకటి బాబాయ్ అంటారు. వరదలో తడిసి పాడైనవి పోగా మిగిలిన ఫిల్ములు రోజుకు నలభై మించి వాడొద్దని పైవాళ్ళ ఆర్డరు.

తొలిరోజు నలభైలో పంతొమ్మిది మసక.

"ఊపిరి బిగబట్టు!" అని చీకటి బాబాయ్ అరుస్తాడు. ఎదుటివాడికి భాష రాదు. బిక్కమొహంతో నవ్వుతాడు. నవ్వితే ఛాతీ కదులుతుంది.

ఇంకో ఫిల్ము గంగపాలు.

ఆఫీసు వాళ్ళు ఒక కాగితం పంపారు. ఆ ఒక్క మాటే పదకొండు భాషల్లో, మన అక్షరాల్లో రాసి ఉంది. చీకటి బాబాయ్ అది చూసి చదివాడు. కూలీలు మరీ బిత్తరపోయారు.

"నీ గొంతు పగిలిన కుండలా ఉంది బాబాయ్," అంది కౌంటర్లో నర్సమ్మ.

"ఇంకా పగల్లేదులేవే. పగిలిన్నాడు నువ్వే అరుద్దువుగాని."

నవ్వడానికి కూడా ఓపిక లేదు ఇద్దరికీ.

రెండోరోజు, గది గుమ్మం పక్క బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. లోపల ఒక కుర్రకూలీ మిషనుకు ఛాతీ ఆనించి వణుకుతున్నాడు. ముసలాయన తల లోపలికి పెట్టి ఏదో ఒక్క మాట అన్నాడు.

కూలీ ఛాతీ డోలులా ఉబ్బింది. మనిషి రాయిలా నిలబడ్డాడు.

బొమ్మ అద్దంలా వచ్చింది.

"ఏమన్నావయ్యా వాడితో?"

"మునగమన్నా బాబూ."

"ఈ గదిలో నీళ్ళేవీ?"

"వాళ్ళది ఏటి ఒడ్డు. మునిగేముందు గాలి పీల్చి బిగబడతారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఒళ్ళే చేసేస్తుంది."

"మరి కాగితంలో రాసింది తప్పా?"

"తప్పేం కాదు. అది డాక్టర్ల మాట. ఈ కూలీల ఇళ్ళల్లో ఎవరూ అనరు."

తర్వాత వచ్చినవాడి మెడ చూశాడు ముసలాయన. బరువులు మోసి కాయకాసిన మెడ. అతని భాషలో 'మూట ఎత్తు' అన్నాడు. వాడూ బిగబట్టాడు. గొర్రెల కాపరి వస్తే, 'కొండ అవతలి మందను పిలువు' అన్నాడు. వాడు కేక వేయబోయి, గుండెల నిండా గాలితో ఆగిపోయాడు.

చీకటి బాబాయ్ ఠక్కున మీట నొక్కాడు.

"ఇన్ని భాషలు ఎక్కడ నేర్చావు పెద్దాయనా?"

"ఓడల్లో వంట చేశాను. ముప్పై ఏళ్ళు."

"మరి మనవాళ్ళకేం చెబుతావు?"

"మనకి ఒకరు చెప్పాలా బాబూ? కష్టం కనబడితే ఊపిరి దానంతటదే బిగుస్తుంది."

కూలీల కాంట్రాక్టరు పంపిన మనిషి కాబోలు అనుకున్నాడు చీకటి బాబాయ్. అంతకుమించి అడగలేదు. అడిగే తీరికా లేదు.

రోజూ పొద్దున్నే వచ్చేవాడు ముసలాయన. నలభయ్యో మనిషి వెళ్ళేదాకా కదిలేవాడు కాదు. ఆయన చెప్పిన మాటలన్నీ చీకటి బాబాయ్ ఆఫీసు కాగితం వెనక రాసుకున్నాడు.

ఒకరోజు ముసలాయనకు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

"అవతలికి పోయి దగ్గవయ్యా! నీ గోలకి వీడు కదులుతున్నాడు," అని కసిరాడు చీకటి బాబాయ్.

ముసలాయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని వరండా చివరికి వెళ్ళాడు. కాసేపటికి గోడ పట్టుకుంటూ తిరిగొచ్చాడు.

"కానీండి బాబూ. ఈ అబ్బాయిది మూటల పని."

పదోరోజు ముసలాయన రాలేదు.

"ఇవాళ ఎగ్గొట్టాడు చూశావా," అని విసుక్కున్నాడు చీకటి బాబాయ్. కాగితం వెనక రాసుకున్నవి చూసి తనే చెప్పుకొచ్చాడు. మునుగు. ఎత్తు. పిలువు. ఆ రోజూ ఒక్క ఫిల్ము పాడవలేదు.

సాయంత్రం పై వార్డు డాక్టరమ్మ దిగివచ్చింది. ఆవిడ కళ్ళకింద నల్లటి చారలు.

"పొద్దున మా వార్డులో ఒకాయన పోయాడు. కాగితాల్లో పెట్టాలి, ఆయన ఎక్స్‌రే ఇవ్వండి."

"ఎవరిదండీ?"

"ఓడల్లో వంట చేసేవాడట. ఎనిమిది రోజుల కిందట నేనే కిందికి పంపాను, ఊపిరి సగమే ఆడుతోంది, అందరికంటే ముందు తీయించుకో అని. రోజూ సాయంత్రం అడిగితే, వరుస తెగలేదమ్మా, రేపు తీయించుకుంటా అనేవాడు. డెబ్బైమంది రోగుల్లో నేనూ గట్టిగా పట్టించుకోలేదు. తీశారా, లేదా?"

చీకటి బాబాయ్ నర్సమ్మ వైపు చూశాడు.

"నువ్వు సాయంగా పెట్టుకున్న మనిషేమో అనుకున్నాను బాబాయ్," అంది నర్సమ్మ మెల్లగా.

మర్నాడు పొద్దున చీకటి బాబాయ్ గది తాళం తీయకుండా వరుస చివరిదాకా నడిచి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ముందు గొంతుక్కూర్చుని, "నీకేమైంది?" అని అడిగాడు.