తీతువు తరిమేసిన బేరం

నా కొంప ముంచింది మా లాయరు బావే. అద్దె ఇంటి బాధ వదిలించుకుందామని నా చిత్తడి నేలను బిల్డరుకు బేరం పెట్టాను. కొనేవాడూ అమ్మేవాడూ కలిసి హద్దుల వెంట నడవందే బావ సంతకాలు పెట్టనివ్వడు.

నడిచాం. గడ్డిలో గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్ట మా నెత్తి మీదికి దూకింది. బిల్డరు చెప్పులొదిలేసి కారెక్కి పారిపోయాడు. బావ ఫైలు తలకడ్డం పెట్టుకుని గెంతుతున్నాడు.

"గుప్పెడంత లేదు, దీని పొగరు చూడు బావా!" పొట్ట పట్టుకుని నవ్వాను.

"నీకు లేని పౌరుషం దానికుందిరా, బామ్మర్దీ!"

నవ్వుతూనే ఉన్నాను గానీ, ఆ మాట గుచ్చుకుంది.

"ఈ పిట్ట గూడు చెదరకుండా, ఇక్కడ ఎవరూ ఎప్పటికీ ఇల్లు కట్టకూడదని దస్తావేజు రాయొచ్చా?"

"రాయొచ్చు. తర్వాత నువ్వు ఏడ్చినా గోడ లేవదు. అమ్ముదామన్నా ఎవడూ కొనడు."

"రాసెయ్ బావా, నా బుద్ధి మారకముందే!"

స్కూటరు సీటు మీదే రాశాడు. కితకితలు పెట్టినవాడిలా నవ్వుతూ సంతకం గీకాను. పిట్టకు దక్కింది, నాకు పోయింది మూడెకరాల పది సెంట్లు.